చౌడు రుచి

జమ్మలమడుగు అవతల, పెన్న ఇసుక దాటినాక
ఒక ఊరికి
ఆరోగ్య ఉపకేంద్రం గీసుకొని పోయినాను.
కాగితం మీద ఉత్తరానికి బాణం గుర్తు ఉంది.
ఊర్లో గాలికి ఏ గుర్తూ లేదు.

సిమెంటు వద్దు, మట్టి మిద్దే వేద్దామన్నాను.
"అట్లయితే మన్ను నేను చూడాల" అంది
దూదేకుల మాబున్ని.
మూడు చోట్ల తవ్వించింది.
చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.
ఉమ్మింది. "సప్పగుండాది."
రెండోది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఉమ్మింది.
మూడోదానికి
ఉడుకుతున్న పప్పు రుచి చూసినట్టు తలూపింది.
"ఇది చౌడంటే. తడిస్తే మూసుకుంటాది,
సుక్కను కూడా లోపలికి రానీదు."

ఐదేండ్లు చదివినాను.
సోడియం పేరు తెలుసు,
పరీక్షలో రాసినాను కూడా.

నర్సు ఫిలోమినమ్మ ప్లాను మీద
వసారా మలుపు దగ్గర వేలు ఆనించింది.
"ఈడ మంచం తిరగదు."
స్ట్రెచర్ కొలత వేసినానన్నాను.
"స్ట్రెచర్ ఎవరు తెస్తారు మేడం?
నొప్పులొచ్చినామెను నులకమంచంతోనే ఎత్తుకొస్తారు.
నలుగురు మోస్తారు,
ఐదోవాడు పక్కన సెల్లు లైటు పడతాడు."
నలుగురికీ చోటుంది.
ఆ ఐదోవాని కోసం
గోడను రెండడుగులు జరిపినాను.

గొర్రెల ఓబులేసు మాట మాత్రం వినలేదు.
"పడమటి పక్క కిటికీ వద్దుమ్మా,
ఆషాఢంలో నా జీవాలు
ఆ దిక్కుకు వీపు పెట్టి పండుకుంటాయి" అన్నాడు.
నాకు సాయంత్రపు వెలుగు కావాల.
గొర్రెలకేం తెలుసు వెలుగు సంగతి?

ఆషాఢం వచ్చింది.
దుమ్ము, దాని వెనకే ఏటవాలు జల్లు,
మందుల అర మీద, టీకాల రిజిస్టరు మీద.
నేను పోయేసరికి
కిటికీకి గోనెపట్టా మేకులు కొట్టి ఉంది.
మిద్దె నుంచి ఒక్క చుక్క రాలలేదు.
గోనెపట్టా గురించి ఎవరూ మాట్లాడలేదు,
టీ ఇచ్చినారు.

మరుసటేడు వానలకు ముందు
మిద్దె మీదికి కొత్త చౌడు మోస్తుంటే
మాబున్ని పిడికిలి చాపింది.
"ఈసారి నువ్వు చూడు."

నాలుక మీద వేసుకున్నాను.
ఇసుక. ఎండ.
దాని వెనక ఎక్కడో ఉప్పు,
లేక నా చేతి చెమటేనేమో.
"సరిపోయింది" అన్నాను.

ఆమె అదే కుప్పలోంచి చిటికెడు తీసుకుంది.
చానాసేపు నమిలింది.
అవునని అనలేదు, కాదనీ అనలేదు.
చీర చెంగు చుట్టకుదురు చేసి
తట్టెత్తి నా నెత్తిన పెట్టింది.