నేల టికెట్టు

జిన్నింగు మిల్లు షిఫ్టు దిగి
తలనిండా దూదితోనే వచ్చేవాళ్లు
ఆదోని హమాలీలు, రెండో ఆటకు.
పీరాన్ సాబ్ కిటికీలోంచి
వెలుతురు సాగిందంటే చాలు,
దూది లేచి అందులో ఈదేది.
మండుటెండ సీనులోనూ
మా నేలోళ్లకు మంచు కురిసేది.

ఆడోళ్ల గేటుకాడ మా జేజి ఉలిగమ్మ
టికెట్లు చించేది.
చంటిది ఏడిస్తే తానే ఎత్తుకొని
వరండాలో తిప్పేది.
ఒక్క సినిమా పూర్తిగా చూసిందిలేదు గానీ
ఏ బిడ్డ ఏ పాటకు నిద్రపోయిందో
చచ్చేదాకా చెప్పేది.

ఇప్పుడది పత్తి గోదాము.
తెర ఉన్న గోడెత్తు బేళ్లు.
మెట్లకింద జేజి బొగ్గుతో గీసిన
శెనక్కాయలోడి బాకీ గీతలు
రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు.

లారీ లెక్కకు పోయినప్పుడల్లా చూస్తా,
కూలిన కేబిన్లోంచి
మూడింటి ఎండ దూరుతుంది.
హమాలీ ఒకడు బేలు దించి
తల దులుపుకుంటాడు.

రశీదు పుస్తకం పక్కన పెట్టి
కాసేపు నేలమీదే కూచుంటా.