ఖాళీ ఫైలు

కాగితపు మిల్లు మూతపడి పదహారేళ్లు.
గుజ్జు వాసన ఇంకా గోడల్ని వదల్లేదంటాడు కాపలా ఇల్పో.
నాకు మాత్రం వేడిగాలీ ఫ్యాన్ల హోరూ తప్ప
ఇంకేమీ తెలియవు.
బయట నది గడ్డకట్టింది.
లోపల, కాగితం చుట్టలు దొర్లిన నేలమీద
నల్లటి బీరువాలు, ఆకుపచ్చ మినుకులు.

నా పని అచ్చు తయారుచెయ్యడం.
ఒక్క లినక్స్ యంత్రాన్ని ఓపిగ్గా కూర్చి
కావలసినవి ఎక్కించి, అక్కర్లేనివి పీకేసి
నిద్రపుచ్చి, ఇమేజ్‌గా చేసి దాచడం.
హెల్సింకీలో ఎవరి స్క్రిప్టో పిలిస్తే
నలభై లేస్తాయి, నాలుగు వందలు లేస్తాయి,
ఎవరికీ నొప్పి తెలియకుండా.

నాకు ముందు ఈ పని తూరెది.
పోయిన వసంతంలో, మంచు కరగకముందే
తాళాలూ ఒక నోట్‌బుక్కూ నా బల్లమీద పెట్టి
సరస్సు పక్క గుడిసెకి వెళ్లిపోయాడు.
నోట్‌బుక్కులో మొదటి పేజీ:
నేర్పడం తేలిక, మరిపించడమే పని.

అప్పుడు నవ్వుకున్నాను.

హోస్ట్ తాళంచెవులు చెరిపెయ్యాలి.
లాగ్‌లు తుడిచెయ్యాలి.
షెల్ చరిత్ర ఊడ్చెయ్యాలి,
మూడుసార్లు తప్పు కొట్టి
నాలుగోసారి తిట్టుకుంటూ సరిగ్గా కొట్టిన
ఆ ఒక్క ఆదేశంతో సహా.
ఇంతవరకూ ఏదీ జరగనే లేదని
క్లౌడ్-ఇనిట్‌ని నమ్మించాలి.
వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేస్తారట,
మేం ఒక్క అబద్ధమాడి
వెయ్యి పురుళ్లు పోస్తాం.

గురువారం రాత్రి నలభై లేచాయి.
లేచి, నలభైకి నలభై
ఒకే పేరు చెప్పుకున్నాయి.
చిరునామాలు పంచే సర్వరు అమాయకురాలు,
అందరికీ ఒకే ఇంటి నంబరు రాసిచ్చింది.
ఒకటి పలికితే ఇంకొకటి మూగబోతుంది,
ఉత్తరం ఒకరికి, జవాబు మరొకరికి.
పైన ఏదో ఊళ్లో బస్సు టికెట్లు ఆగాయని కబురు,
మైనస్ ఇరవై ఏడులో జనం.

యామెల్‌లో ఖాళీలు లెక్కపెట్టాను.
రెండు. రెండు. నాలుగు.
మళ్లీ లెక్కపెట్టాను.
ఖాళీలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రెండింటికి తూరెకి ఫోన్ చేశాను.
అవతల పొయ్యిలో కట్టె చిటపట.
అంతా విని, అడిగాడు:
"మూత పెట్టాక, ఒక్కసారి లేపి చూశావు కదూ?"

చూశాను.
బాగానే ఉందో లేదో అని. అర నిమిషం.
ఆ అర నిమిషంలోనే అది కళ్లు తెరిచి
తనకో పేరు రాసుకుంది.
నేను దాన్ని మళ్లీ పడుకోబెట్టాను
పేరుతో సహా.

"నేనూ చూశాను, రెండు వేల పధ్నాలుగులో,"
అన్నాడు. "కాఫీ తాగు." పెట్టేశాడు.

మా అమ్మమ్మ రై పిండి తొట్టిని
చచ్చినా కడగనిచ్చేది కాదు.
చెక్కకి గుర్తుంటుంది, అదే తోడు అనేది.
ఏ రొట్టెలోనైనా నిన్నటి రొట్టె పులుపు.
నా బతుకు తలకిందులు:
తొట్టి తళతళలాడాలి,
పిండి ఎవరి తోడూ లేకుండా పొంగాలి.
ఆవిడుంటే ఏమనేదో.
బహుశా తొట్టి లాక్కునేది.

మెషీన్-ఐడీ ఫైలు తీసెయ్యకూడదు.
ఫైలు ఉండాలి.
అందులో ఏమీ ఉండకూడదు.
సున్నా బైట్లు.
పేరు పట్టేటంత చోటు, పేరు లేదు.

మళ్లీ అచ్చు పోసి మూత పెట్టాను.
లేపి చూడాలని వేళ్లు పీకాయి.
చేతి తొడుగులు వేసుకు కూర్చున్నాను,
తొడుగులతో కీబోర్డు కుదరదు కదా.
ఇల్పో అటుగా వెళ్తూ
చలేస్తోందా హెల్కా, అని అడిగాడు.
అవునన్నాను.

ఆరుకి పావు తక్కువకి నలభై లేచాయి.
నలభై పేర్లు తెరమీద కిందికి పాకాయి,
ముప్ఫై రెండేసి అక్షరాలు, నోరు తిరగనివి.
ఏ రెండూ కలవవు.
ఒక్కటీ నేను పెట్టింది కాదు.