పాతది ఇంకా తీసెయ్యలేదు

హీయుమా దీవిలో, రేవు పక్క గదిలో,
జనవరి రాత్రి తొమ్మిదింటికి
విర్వె ఒక్క వరస టైపు చేసి
చేతులు వెనక్కి తీసుకుంది,
ఎసట్లో బియ్యం పోసి
ఇక మూత తియ్యకూడదనుకున్న మనిషిలా.

అరవై మూడు.
తెర మీద అంత జాబితా.
మారింది మాత్రం ఒక్కటే,
బొమ్మల్ని చదివి రాసే ఓ చిన్న లైబ్రరీ.
పేరదే, పనదే.
చివరి చుక్క తర్వాత పదిహేను పోయి
పదహారు వచ్చింది.
ఆ తోక అంకెని పట్టుకుని
ఇంతమంది వేలాడుతున్నారని
ఇవాళే తెలిసింది.

వండిన కూర పొట్లాలు కట్టి అమ్మేవాళ్ళున్నారు.
తప్పేం లేదు, ఆకలి తీరుతుంది.
ఈ రేవు యంత్రానికి మాత్రం మొదట్నించీ ఇదే అలవాటు:
సోర్సు తెచ్చుకోవాలి, మూట విప్పాలి,
తన ఒంటికి తనే కొలిచి కుట్టుకోవాలి.
ప్రింటరు లేదు కనక ఆ జేబు వద్దు.
పాటలు వినేవాళ్ళు లేరు, ఆ జేబూ వద్దు.

అరవై మూడులో ఒకటి.
ఫ్యాను గొంతు పెంచింది.
తడిసిన ఉన్ని తొడుగుల్ని విర్వె
కేసు మీద ఆరేసింది.
బయట మైనస్ పంతొమ్మిది.
కంపైలరు వేడికి కిటికీ మీది మంచు
అరచేతంత మేర కరిగితే
ఆ కంతలోంచి ఫెర్రీ దీపం
అటు నుంచి ఇటు వచ్చింది.

పదిహేడు దగ్గర ఆగిపోయింది.
అక్షరాన్ని గీసేది, అక్షరాల్ని అల్లేదాని కోసం చూస్తోంది.
అల్లేది గీసేదాని కోసం.
పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు.
ఈ సామెత ఎస్తోనియన్‌లో ఉందో లేదో నాకు తెలీదు,
విర్వెకి మాత్రం దాని మందు తెలుసు:
గీసేదాన్ని ముందు కుంటిగా కట్టింది,
అల్లేదాన్ని దాని భుజమ్మీద నిలబెట్టింది,
మళ్ళీ వెనక్కొచ్చి
మొదటిదానికి రెండో కాలు పెట్టింది.
కాఫీ చల్లారిపోయింది ఈలోగా.

తెల్లారేసరికి అరవై రెండు.

అరవై మూడోదానికి సోర్సు లేదు.
మంచు మందాన్ని గీతలుగా గీసి,
సముద్రమ్మీద బండ్ల దారి
ఎప్పుడు తెరవొచ్చో చెప్పే ప్రోగ్రాం.
ఇరవై రెండేళ్ళ కిందట హెల్దుర్ రాశాడు,
రాత్రి డ్యూటీల్లో, నిద్ర రాకుండా ఉండటానికి.
ఇప్పుడు కస్సారిలో చేపలకి పొగ పెడుతున్నాడు.

ఫోనెత్తాడు. వెనక కట్టెలు చిటపటమంటున్నాయి.
"ఆ డిస్కు నా పాత పడవతోపాటే మునిగింది.
తీసెయ్యి, ఫర్వాలేదు."
"మరి దారి ఎప్పుడు తెరవాలో?"
"డ్రిల్లు లేదా నీ దగ్గర?
బెజ్జం వేసి చూడు.
నేను దానికి నేర్పిందీ అదే."

పెట్టేశాక చాలాసేపు తెర చూసింది.
ఆ యంత్రం పాత లైబ్రరీని చెరిపెయ్యలేదు.
కొత్తది దాని కుర్చీలో కూర్చున్నా
ఆనుకున్నవాళ్ళు ఒక్కరున్నంతవరకు
గోడవారగా నిలబెట్టి ఉంచుతుంది.
రోజూ ఒక పసుపు వరస మాత్రం గుర్తు చేస్తుంది:
పదిహేనుని ఒకరు ఇంకా వాడుతున్నారు.
తీసెయ్యమంటావా?

విర్వె వద్దంది.

డ్రిల్లు భుజానేసుకుని వెళ్ళింది.
మూడు చోట్ల బెజ్జాలు.
పంతొమ్మిది సెంటీమీటర్లు, ఇరవై, మళ్ళీ పంతొమ్మిది.
హెల్దుర్ గీత ఇరవై అంటోంది.
తిరిగొచ్చి ఒక ఖాళీ ఫైలు తెరిచింది,
మొదటి వరసలో మూడు బెజ్జాల కొలతలూ రాసింది,
రెండో వరసలో ఏం రాయాలో తోచక
ఆ ఫైలుకి హెల్దుర్ పేరు పెట్టి దాచింది.

తొడుగులు ఆరాయి.
కుడిదానికి బొటనవేలి దగ్గర మాత్రం
ఇంకా కాస్త తడి.