మంచినీళ్ళ గుంపు

నాలుగో నంబరు గదిలో ఎలకలు ముప్పై.
పొద్దున్నే గూళ్ళు కడిగి, రంపప్పొట్టు మార్చి
సీసాల్లో నీళ్ళు పోసేది నేను, మాలకొండయ్యను.
మేడం రాసే పేపర్లో నా పేరుండదు.
ఎలకలకి మాత్రం నా చేతి వాసన తెలుసు.

మూడు గుంపులు చేసింది షాహిన మేడం.
పదింటికి ప్లాస్టిక్కులోంచి దిగే మందు, నూనెలో కలిపి.
పదింటికి ఆ మందూ, దాని మీద పొడపత్రి కషాయం.
(చంపేదాన్నీ మందే అంటాం, బతికించేదాన్నీ మందే అంటాం.)
మిగిలిన పదింటికి ఉత్త మంచినీళ్ళు.
"వీటితో పోల్చుకుంటేగదా మాలకొండయ్యా
మిగతావి ఎంత చెడినాయో తెలిసేది."

పొడపత్రి తెచ్చేది ఉదయగిరి యానాదుల రవణమ్మ.
దుర్గం ఎనకపక్క ఏ బండ సందున ఏ తీగుండాదో
ఆమె కాళ్ళకి తెలుసు.
మొదటిసారి వచ్చినప్పుడు ఒక ఆకు నా చేతిలో పెట్టి
"నమిలి, బెల్లం తిను నాయనా" అంది.
నమిలినా. బెల్లం నోట్లో వేసుకున్నా.
ఇసక.
యాభై మూడేళ్ళ తీపి ఒక్క ఆకుతో ఇసక.
ఆమె నవ్వింది. "కాసేపటికి మళ్ళా వస్తాదిలే."

నలభై ఐదో రోజు కోసినారు.
క్లోమం అంటే ఏందో అప్పుడే చూసినా.
కడుపు ఎనక దాక్కున్న పాలిపోయిన పోగు,
మొలగొలుకులు కడిగిన కుడితి రంగు.
దాంట్లో దీవులుంటాయంట, చక్కెరకి కాపలా.
మందు తాగినవాటిల్లో ఆ దీవులు
పెన్నలో దిబ్బలే, రాత్రి లారీలు తోలుకుపోయినాక.
పొడపత్రి తాగినవాటిల్లో అక్కడక్కడా నిలబడినాయి.
ఎన్ని అని అడగబాకండి,
మేడమే ఇంకా లెక్కేస్తా ఉంది.

ఆమె నోట మాట ఆగింది మంచినీళ్ళ గుంపు కాడ.
వాటికీ గుంటలే.
కొద్దిగానే, అయినా గుంటలే.

"వీటికి ఏం పెట్టినావు?"
ఏమీ పెట్టలా మేడం. నీళ్ళు.
సీసా తీసి వెలుతురుకి పట్టింది.
ఏడేళ్ళుగా రోజూ ఉడుకునీళ్ళతో నేను రుద్దిన సీసా,
శుక్లాలొచ్చిన కన్నులా మసకేసి ఉంది.
"శుభ్రంగానే కడిగినా మేడం."
"అదే" అంది.
ఇంకేమీ అనలా.

గాజు సీసాలకి అర్జీ పోయింది.
ఏప్రిల్లో చూద్దాం అన్నారు ఆఫీసులో.

సాయంత్రం మద్రాసు బస్టాండు కాడ ఎప్పట్లానే
రెండు టీలు కవరులో పోయించి, రబ్బరు బిగించుకొని
ఇంటికొచ్చినా. వేలికి చురుక్కుమనేంత వేడి.
ఇరవై ఏళ్ళ నుంచి ఇదే కవరు, ఇదే వేడి.
బుజ్జమ్మ గ్లాసుల్లోకి వంచే లోపల
జేబులో మిగిలిన ఆకు తీసి నమిలినా.
ఎందుకో. ఊరికే.

టీ తాగినా.
తీపి లేదు. పాలున్నాయి, వగరుంది, వేడుంది.
వీటన్నిటి కిందా
ఇన్నాళ్ళూ చక్కెర చాటున కూర్చున్నది ఒకటి
నాలిక మీదికి వచ్చి నిలబడింది.

కవరు.

"ఏంది అట్టా పెట్టినావు మొహం,
చక్కెర తక్కువేసినాడా?" అంది బుజ్జమ్మ,
తన గ్లాసు ఎత్తతా.