బెంత్స్

శనివారం నా ట్రాలీబస్సు ఇంకొకరు నడుపుతారు.
ఆ పూట నేను నా కొడుకు వెనకాల నడుస్తాను.

వెనకాలే.
ముందు నడిస్తే ఊరుకోడు తిమెక్.
వాడి దారిలో స్టాపులు నేను పెట్టినవి కావు:
బేకరీ గడప మీద పిల్లి,
నిన్నటి వాన మిగిల్చిన నీళ్ల గుంట,
మళ్లీ వెనక్కి, అదే పిల్లి.
ఇంటి నుంచి పార్కుకి ఏడు నిమిషాలు.
ఇవాళ గంటా పది.
డిపోలో ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ముక్కు కారుతోంది. టోపీ మాత్రం వద్దట.
యాగోదా పెట్టడం, వాడు పీకడం,
పెట్టడం, పీకడం,
చివరికి టోపీ నా కోటు జేబులో చేరింది,
అప్పటికే అక్కడ
సగం కొరికిన బిస్కట్టు కాపురముంటోంది.

లుబ్లిన్‌లో చెస్ట్‌నట్ చెట్లకి కొదవలేదు.
కాయలు తినడానికి పనికిరావు,
అందుకే పిల్లలవి.
పెద్ద చెట్టు కింద నిలబడ్డామో లేదో
ముళ్ల తొక్క టప్పున పగిలి
ఇప్పుడే పాలిష్ పట్టిన బూటులా మెరుస్తూ
ఒకటి వాడి కాళ్ల దగ్గర పడింది.
"బెంత్స్" అన్నాడు.

పడే ప్రతిదానికీ మా వైపు పసిపిల్లలు అనే మాట అది.
వాడి దగ్గరున్న పదకొండు మాటల్లో
బాగా అరిగింది కూడా అదే.
ఆకు రాలితే బెంత్స్.
చెంచా జారితే బెంత్స్.
సూర్యుడు ఫ్లాట్ల వెనక్కి దిగిపోతుంటే
వేలు చూపించి, బెంత్స్.
రాత్రి డ్యూటీ దిగి సోఫాలో నేను ఒరిగిపోయినా
అంతే, తీర్పు చెప్పినట్టు.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద
యాగోదా కాయలకి అగ్గిపుల్లలు గుచ్చి గుర్రం చేసింది.
మూడు కాళ్ల గుర్రం.
నాలుగోది ఎక్కడుందో వాడికి తెలుసు, చెప్పడు.

సోమవారం, సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే
జేబులోంచి జారిన కాయ ఒకటి
కేబిన్ నేల మీద దొర్లుకుంటూ పోయింది.
నాకు తెలియకుండానే పైకి అనేశాను.
ముందు సీట్లో క్యాబేజీ సంచి ఒళ్లో పెట్టుకున్న ఆవిడ
నన్ను ఎగాదిగా చూసి
సంచి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నవంబరు ఒకటిన సమాధుల దగ్గరికి వెళ్లాం.
ఆ రోజు ఊరు ఊరంతా అక్కడే.
గాజు కుప్పెల్లో దీపాలు, చేమంతి కుండీలు,
తడిసిన ఆకుల వాసన, మైనం వాసన,
ఎర్రటి వెలుగులో అందరి మొహాలూ చుట్టాల్లాగే.
లెయొకాదియా అమ్మమ్మ వంగి
తాతయ్య యుస్తాఖి రాతిని చేత్తో తుడిచి
వత్తి వెలిగించింది.

వాడికి రెండు నిండి పన్నెండు రోజులు.
దీపం చూస్తే ఏం చెయ్యాలో
మేమే, చప్పట్లు కొట్టి మరీ నేర్పాం.

బుగ్గలు పూరించి ఊదాడు.
సగం గాలి, సగం ఉమ్ము.
ఆరింది.
మా వైపు తిరిగాడు, చప్పట్ల కోసం.

యాగోదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
పక్క సమాధి దగ్గర ప్రార్థన ఆగిపోయింది.
నేను క్షమాపణ వెతుక్కుంటున్నాను, నాలుగు మాటలు,
అవి కూడా దొరకలేదు.

అమ్మమ్మ మళ్లీ అగ్గిపుల్ల గీసింది.
"ఊదనీ.
బతికుండగా ఆయనకి ఒక్క పుట్టినరోజైనా చేశామా" అని
తనే మొదలుపెట్టింది చప్పట్లు,
ఊలు చేతొడుగులు కదా, చప్పుడే లేదు.
అయిదుసార్లు వెలిగించింది. అయిదుసార్లు ఆర్పాడు.
ఆరోసారి గాలి అయిపోయి
దీపం దానంతటది నిలబడింది.

తిరిగొస్తుంటే భుజం మీద నిద్రపోయాడు.
గేటు దాటాక చూస్తే ఒక కాలికి బూటు లేదు.
ఎక్కడ జారిందో, చెప్పేవాడు చెప్పలేదు.
యాగోదాకి వాణ్ని అందించి
వెనక్కి వెళ్లాను,
అన్ని దీపాల మధ్య, నేల చూస్తూ,
అరచెయ్యంత బూటు కోసం.