నది దాకానే

కుస్కోలో రాళ్ళు పరిచిన సందు.
చెప్పులు కుట్టే కొట్టుకీ రొట్టెల బట్టీకీ మధ్య
ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి కొండల పటం.
అదే మా ఆఫీసు.
దారులు అమ్ముతాను నేను.

ఇవాళ పొద్దున్నే ఒకావిడ వచ్చింది.
ఎదెల్మీరా. లీమాలో నలభయ్యేళ్ళు
బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి.
కొత్త బూట్లు, అట్టపెట్టె వాసన పోలేదు.
"ఇంకాల ఊరొకటి చూడాలి,
నాకింకా కాళ్ళున్నప్పుడే.
ఏ దారి మంచిది?"

అందరూ ఇదే అడుగుతారు,
కూరగాయల బుట్ట ముందు నిలబడి
ఏది లేతది అని అడిగినట్టు.

పెన్సిలు తీశాను.
ఇదిగో, ఇది రాతిమెట్ల దారి. నాలుగు రోజులు.
పర్మిట్లు నెలల ముందే అయిపోతాయి.
మీ గుడారం, మీ గుడ్లు, మీ గ్యాసు బండ
ఇంకొకడి వీపెక్కి మీకంటే ముందు చేరతాయి.
చివర్లో సూర్యద్వారం. మబ్బు తెర తీస్తే మాచు పిచ్చు.
తీయకపోతే
డబ్బు వాపసు ఉండదు.

ఇది సల్కంతాయ్ పక్కనుంచి.
మంచుకొండ రాత్రంతా గురక పెడుతుంది.
కనుమ దగ్గర గాలిని
గుక్క గుక్కగా కొనుక్కోవాలి.
కోకా ఆకు బుగ్గన పెట్టుకుని, మాట తగ్గించాలి.

మూడోది గీయబోయి
పెన్సిలు ఆగింది.

చోకెకిరావ్.
దాని మీద నాకు కమీషను తక్కువ.
రైలు లేదు, బస్సు లేదు, వెళ్ళిన దారే తిరుగుదారి.
ఒక రోజంతా దుమ్ములో దిగాలి, అపురిమాక్ దాకా.
మర్నాడంతా ఎదురు గోడ ఎక్కాలి.
దిగిన ప్రతి అడుగూ అప్పే,
అవతలి ఒడ్డు వడ్డీతో వసూలు చేస్తుంది.
దోమలుంటాయి, చీమ తలంత.
పూమా చేత కూడా కన్నీళ్ళు పెట్టిస్తాయని
మావాళ్ళు అంటారు.

"పైన ఏముంది?"
మెట్ల పొలాలు, అన్నాను.
గోడల్లో తెల్లరాళ్ళతో పేర్చిన లామాలు,
నిటారు వాలు మీద వరసగా ఎక్కుతూ,
ఒకదాని వెనక పిల్ల...
"నువ్వు చూశావా?"

కొలిచి కత్తిరించే కళ్ళు అవి.
మాట ఎక్కడ వదులుగా ఉందో
అక్కడే గుండుసూది గుచ్చింది.

చూడలేదు.

మా నాన్న నసారియో ఆ దారిలోనే
కంచరగాడిదలు తోలతాడు.
ఏడేళ్ళప్పుడు వెంట వెళ్ళాను, నది దాకా.
తొమ్మిదేళ్ళప్పుడు నది దాకా.
పదమూడేళ్ళప్పుడు నెత్తిన మొక్కజొన్న మూటతో
నది దాకానే.
అక్కడ నన్ను వంటావిడ దగ్గర వదిలి
ఎవరివో సంచులతో నాన్న వంతెన దాటేవాడు.
మూడు రాత్రులు నది మాట్లాడేది.
మాట్లాడే దేవర అనే కదా దాని పేరు.
ఏం చెప్పేదో తెలీదు కానీ
నన్ను పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు.
తిరిగొచ్చాక అడిగేదాన్ని,
పైన ఏముంది నాన్నా?
"రాళ్ళు. పైన దాణా ఖరీదెక్కువ."

ఆ రాళ్ళనే పన్నెండేళ్ళుగా
వచ్చినవాళ్ళకల్లా వర్ణిస్తున్నాను,
అంతకు ముందు వెళ్ళొచ్చినవాళ్ళు
ఫోనులో చూపించిన బొమ్మల్లోంచి.
ఎంగిలి కొండలు.

ఎదెల్మీరా బూటు విప్పి మడమ నొక్కుకుంది.
"ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకుంటాయి.
దిగడమే మొరాయిస్తాయి.
నదికి దిగేటప్పుడు నీ భుజమిస్తావా?
ఎక్కేటప్పుడు నీ కబుర్లు ఆపేస్తే చాలు."

రొట్టెలవాడు బట్టీ తలుపు తీశాడు.
సందంతా కాసేపు వెచ్చబడింది.
ఫోను చేశాను.

"నాన్నా, మంగళవారం. ఇద్దరు."
"ఎన్ని గాడిదలు?"
"ఒకటి."
"రెండో మనిషి?"
"నడుస్తుంది."
"అందరూ అలాగే అంటారు, నది దాకా.
పేరు చెప్పు, చీటీలో రాయాలి."
"నువ్వు పెట్టిందే."

అటునుంచి మాట లేదు.
వెనకాల ఏదో కంచరగాడిద తుమ్మింది.