నాలుగో నంబరు దీపం

చట్టంలో ఆ మాట ఉంది, నేనే చదివి వినిపించాను:
సరిహద్దు చెరిపేముందు అక్కడి జనాన్ని అడగాలని.
అడిగారు.
ఫిబ్రవరిలో, సముద్రం గడ్డకట్టి పడవ ఆగిపోయిన వారంలో
బడి హాల్లో బల్ల వేసి, డబ్బా పెట్టి
అడిగారు.

కడక్‌సార్ దీవిలో ఓటున్నవాళ్ళం నూట నలభై ముగ్గురం.
నూట ముప్ఫై ఒక్కరం వచ్చాం.
తొంభై ఏళ్ళ హిల్యాని మంచుబండి మీద లాక్కొచ్చాడు మనవడు.
కలపొద్దన్నవాళ్ళు నూట పంతొమ్మిది.
మిగతా పన్నెండుగురిలో ఒకరు మా ఆయన.
ఆ వారమంతా ఆయనకి చల్లారిన సూపే.

టాలిన్ నుంచి జవాబు ఒకటిన్నర పేజీ.
మీ అభిప్రాయం తెలుసుకున్నాం, అంది.
తెలుసుకోవడానికీ వినడానికీ మధ్య
ఎన్ని నీళ్ళున్నాయో
పడవ నడిపే ఆక్సెల్‌ని అడగండి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కచేరీలో గుమస్తాని.
కుక్కలకి లైసెన్సు, పోయినవాళ్ళకి చోటు,
ఎవరి కంచె ఎవరి పొదల్లోకి జరిగిందన్న తగువు
అన్నీ ఒకే గదిలో, ఒకే పొయ్యి వెచ్చదనంలో.
అధికారం మాకు కంటికి కనిపించేది.
దానికి జలుబు చేసేది.
దాని మీద కోప్పడి, సాయంత్రం దుకాణంలో
దాని వెనకే వరసలో నిలబడేవాళ్ళం.

గుండ్రటి ముద్ర ఇచ్చేశాను, సంతకం పెట్టించుకున్నారు.
తాళంచెవులు పదకొండు.
పన్నెండోది దేనిదో నాకూ తెలీదు, అదీ ఇచ్చాను.

నవంబరులో రేవు దగ్గర నాలుగో నంబరు దీపం ఆరిపోయింది.
అద్దరి కొత్త కచేరీకి ఫోను చేశాను.
ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది,
ఏదో పాట వినిపించింది.
చెడ్డవాళ్ళేం కారు, ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది:
"ఆ దీపం మా పటంలో లేదండీ."

పటంలో లేని దీపం కింద
హిల్యా జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

మర్నాడు ఆక్సెల్ నిచ్చెన తెచ్చాడు.
నేను కాళ్ళ దగ్గర పట్టుకున్నాను.
టార్చి చూపించింది మా ఆయనే, ఆ పన్నెండుగురిలోని ఆయనే.
బల్బు దుకాణంలో అప్పు.
ఎవరి ఖాతాలో రాయాలని ఎవరూ అడగలేదు.

చట్టం ఇంకోచోట అంటుంది:
పని ఎవరి చేతికి దగ్గరో ఆ చేతికే వదలాలని.
ఆ వాక్యం రాసినవాడు
ఎప్పుడో ఒకప్పుడు నిచ్చెనెక్కే ఉంటాడు.

క్రిస్మస్ ముందు ఉత్తరం వచ్చింది:
అనుమతి లేకుండా ప్రజల ఆస్తిని ముట్టుకున్నదెవరు?

పాత అలవాటు, తీర్మానంలాగే రాశాను.
హాజరు: ముగ్గురు, ఒక కుక్క.
చర్చ: చలి గురించి.
నిర్ణయం: ఏకగ్రీవం. కుక్క తటస్థం.
ముద్ర ఉండాల్సిన చోట, చూసుకోకుండా,
కాఫీ కప్పు పెట్టాను.
తీసేసరికి గుండ్రంగా, గోధుమరంగులో,
ఒక పక్క కొంచెం చెదిరి...

అలాగే మడిచి పంపాను.
తపాలా బిళ్ళ నా డబ్బులతోనే.